పిలుపు చేరని మూడు రోజులు

లిఫ్టులో ఇరుక్కుపోయిన మనిషి మొట్టమొదట అడిగేది ఒక్కటే మాట: "ఎవరైనా ఉన్నారా?"

ఇరవై రెండేళ్ళుగా ఆ మాటకి "ఉన్నానండీ, చెప్పండి" అని జవాబిస్తున్న గొంతు ఆమెది. లిఫ్టులు బిగించి, వాటి మరమ్మతులు చూసుకునే ఓ మోస్తరు కంపెనీలో ఆమె టెలిఫోన్ ఆపరేటరు. ఆఫీసులో చిన్నాపెద్దా అంతా 'హలో అక్క' అంటారు. మెకానిక్ వెళ్ళి తలుపు తెరిచేదాకా ఫోన్ పెట్టేయదు. లోపలున్నవాళ్ళు ఏడిస్తే ఏడవనిస్తుంది, తిడితే తిట్టనిస్తుంది. ఒకసారి ఒక పెద్దాయనతో ముప్పావుగంట సేపు ఆయన మోకాళ్ళ నొప్పుల గురించే మాట్లాడింది. తలుపు తెరుచుకున్నాక కూడా ఆయన బయటికి రాకుండా, ఎడమ మోకాలి సంగతి పూర్తిచేసి మరీ వచ్చాడట.

ఇంతమందికి ధైర్యం చెప్పే మనిషికి సొంతానికి మాత్రం పిసరంత ధైర్యం లేదు. పొయ్యి కట్టేశానా లేదా అని సగం మెట్లు దిగి మళ్ళీ ఐదో అంతస్తు దాకా ఎక్కుతుంది. ఆమె భర్త డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు, రోజంతా స్టీరింగ్ పట్టుకోవడం రానివాళ్ళ పక్కన కూర్చునే మనిషి. "నిన్ను గానీ మా స్కూల్లో పెడితే, మా వాళ్ళు బ్రేకు తప్ప ఇంకేమీ నేర్చుకోరు" అంటాడు. ఆవిడ నవ్వదు. అప్పటికే ఇంకో దాని గురించి ఆలోచిస్తూ ఉంటుంది.

ఆ సంవత్సరం కంపెనీ లిఫ్టుల్లోంచి ఫోన్లు తీసేయాలనుకుంది. ప్రతి లిఫ్టులో కొత్తగా ఒక చిన్న పెట్టె బిగించారు. లోపలున్నవాళ్ళు పసుపు బటన్ నొక్కితే, ఆ పెట్టె తన తయారీ సంస్థ సర్వర్‌కి కబురు పంపుతుంది. ఆ సర్వర్ క్షణంలో ఆమె ఆఫీసు సర్వర్ తలుపు తట్టి, ఫలానా బిల్డింగులో ఫలానా లిఫ్టు అని చెబుతుంది. హలో అక్క కంప్యూటర్ మీద ఎర్రచార వచ్చి సైరన్ మోగుతుంది. అప్పుడు ఆమె పెట్టెలోని స్పీకరు ద్వారా లోపలివాళ్ళతో మాట్లాడొచ్చు. ఆ తలుపు తట్టడాన్నే వెబ్‌హుక్ అంటారని ఆఫీసు ఇంజనీరు చెప్పాడు. చెప్పి, సగం పని చేసి, ఒక నోట్‌బుక్కు చేతిలో పెట్టి వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు.

"అతని జాగాలో మనిషి దొరికేదాకా మీరే చూడండి" అన్నాడు మేనేజరు. "నూట పన్నెండు లిఫ్టులూ మీకు కంఠతా వచ్చు కదా."

"లిఫ్టులు వచ్చు సార్, సర్వర్లు రావు."

"ఫిర్యాదుల రిజిస్టరు కంప్యూటర్‌లోకి ఎక్కించింది మీరే కదా? ఇదీ అలాంటిదే. గురువారం నుంచి ఫోన్ లైన్లు తీసేస్తున్నాం."

అది సోమవారం పొద్దున.

మొదటి పరీక్ష తను కాపురముండే బిల్డింగులోనే పెట్టుకుంది. బటన్ నొక్కే పని అత్తగారు తీసుకుంది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు. ఇలాంటి పని దొరికితే వదులుతుందా? ఇస్త్రీ చీర కట్టుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని లిఫ్టులో నిలబడింది. తలుపు మూసుకుంటే లోపల ఫోన్ పనిచేయదని, గుమ్మానికి అడ్డంగా ఒక ముక్కాలిపీట కూడా పెట్టుకుంది.

"నొక్కానమ్మాయ్. ఏమైనా వచ్చిందా?"

"రాలేదత్తయ్యా. ఇంకాస్త గట్టిగా."

"నా బొటనవేలు అరిగిపోతోంది. ఇప్పుడూ?"

"రాలేదు."

పెట్టెల సంస్థ సైటులో చూస్తే ఆ నొక్కులన్నీ వరసగా ఉన్నాయి. ఒక్కోదాని పక్కన ఎర్ర అక్షరాలు: కబురు చేరలేదు, అవతలి సర్వర్ సర్టిఫికెట్‌ని నిర్ధారించుకోలేకపోయాం. సర్టిఫికెట్ అంటే 'నేను ఫలానా సైటునే' అని చూపించే గుర్తింపు కాగితం లాంటిదని ఇంజనీరు నోట్‌బుక్కులో ఉంది. ఆమె వెంటనే తన కంప్యూటర్లో ఆఫీసు సైటు తెరిచింది. అడ్రసు పక్కన తాళం బొమ్మ నిక్షేపంగా ఉంది. మేనేజర్ని పిలిచి చూపించింది.

"తాళం కనిపిస్తోందిగా!" అన్నాడాయన. "మనది బాగానే ఉంది. వాళ్ళ పెట్టెలోనే ఏదో తేడా. మార్పించండి."

పెట్టె మార్చడానికి పానా బాబాయి వెళ్ళాడు. ఆయన కంపెనీలో అందరికన్నా పాత మెకానిక్కు. వెనక జేబులో పానా లేకపోతే నడక కుదరదంటాడు, అందుకే ఆ పేరు. సాయంత్రానికి కొత్త పెట్టె బిగించాడు. అత్తగారు మళ్ళీ నొక్కింది. మళ్ళీ అవే ఎర్ర అక్షరాలు. సోమవారం అలా గడిచిపోయింది.

మంగళవారం ఆఫీసు తెరవగానే పెట్టెల సంస్థ సహాయం నంబరుకి ఫోన్ చేసింది. అవతల ఒకాయన, కాగితం చూసి చదువుతున్నట్టు మాట్లాడాడు.

"మీ సర్టిఫికెట్ సరిగ్గా లేదు మేడమ్."

"మా దగ్గర తాళం బొమ్మ వస్తోందండీ."

"మా సర్వర్‌కి రావట్లేదు మేడమ్. సెట్టింగుల్లో 'సర్టిఫికెట్ తనిఖీ చేయాలి' అని ఒక టిక్ ఉంటుంది. అది తీసేయండి. పనైపోతుంది."

తీసేసింది. ఇంటికి ఫోన్ చేసింది. అత్తగారు బటన్ నొక్కీ నొక్కగానే ఆఫీసంతా అదిరిపోయేలా సైరన్ మోగింది. లెక్కలు చూసేవాళ్ళు, సామాన్ల గదివాళ్ళు లేచి వచ్చి చప్పట్లు కొట్టారు. "చూశారా, గోరంతదానికి రెండు రోజులు కొండంత బెంగ పెట్టుకున్నారు" అని మేనేజరు నవ్వుతూ తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆమెకి మాత్రం ముద్ద దిగలేదు. తనిఖీ చేయొద్దు అన్నామంటే ఏమన్నట్టు? 'నేనే ఆ ఆఫీసుని' అని దారిలో ఎవడైనా చెప్పుకుంటే, అడక్కుండానే కబురు వాడి చేతిలో పెట్టేయమన్నట్టేగా! వాడు దాన్ని మింగేస్తే ఇక్కడ సైరన్ మోగదు. మోగలేదన్న సంగతి కూడా ఎవరికీ తెలియదు.

ఎనిమిదేళ్ళ కింద జరిగింది ఆమెకి గుర్తొచ్చింది. ఒక బిల్డింగుకి కంపెనీ చొక్కా లాంటిదే వేసుకుని ఎవరో వచ్చారు. వాచ్‌మన్ కార్డు చూపించమనలేదు, చొక్కా చూసి మెషిన్ రూమ్ తాళం ఇచ్చేశాడు. వచ్చినవాళ్ళు లోపలున్న బోర్డులన్నీ విప్పుకుపోయారు. తొమ్మిది రోజులు ఆ లిఫ్టు కదల్లేదు. ఆ తొమ్మిది రోజులూ ఆ బిల్డింగువాళ్ళ తిట్లు తిన్నది ఈ ఫోనే, ఈ చెవే.

మధ్యాహ్నం మూడున్నరకి లేచి మేనేజర్ గదికి వెళ్ళింది.

"సార్, ఆ టిక్ తీసి ఉంచడం మంచిది కాదు. మళ్ళీ పెట్టేస్తాను. అసలు తేడా ఎక్కడుందో పట్టుకుందాం."

మేనేజరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "మోగుతున్నదాన్ని ఆపుతారా? మన సైరన్‌తో ఎవడికండీ పని?"

"ఎవడికీ లేకపోవచ్చు సార్. కానీ లోపలున్నవాళ్ళు మనల్ని నమ్మి నొక్కుతారు."

ఆయన కాసేపు బల్ల మీద పెన్ను దొర్లించాడు. "గురువారం పొద్దున దాకా టైము. ఆ తర్వాత నేను చెప్పినట్టే."

ఆమె వచ్చి టిక్ మళ్ళీ పెట్టేసింది. ఫోన్ లైన్లు ఇంకా ఉన్నాయి కాబట్టి ఫర్వాలేదు అనుకుంది. ఆ ఒక్క విషయంలో మాత్రం, ఎన్నడూ లేనిది, రెండోసారి సరిచూసుకోలేదు.

బుధవారం పొద్దున పదకొండింటికి ఆఫీసు ఫోన్ మోగింది. ఒక వాచ్‌మన్. "పళ్ళ డాక్టరుగారి బిల్డింగు నుంచమ్మా. లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల ఎవరో తలుపు బాదుతున్నారు. ఎంతసేపటి నుంచో ఏమో. నేను ఇప్పుడే మేడ మీంచి దిగాను."

"లోపల ఫోన్ ఉందిగా? చేయలేదే?"

"ఫోన్ నిన్న సాయంత్రమే విప్పుకెళ్ళారు కదమ్మా మీవాళ్ళు."

పానా బాబాయి. నిన్న సైరన్ మోగిందని విని, ఎలాగూ అటువైపు పనుందని, ఆ బిల్డింగు ఫోన్ ముందే తీసేశాడు. టిక్ మళ్ళీ పెట్టిన సంగతి ఆయనకి తెలియదు. ఆమె చెప్పలేదు.

దగ్గర్లో ఉన్న మెకానిక్‌ని పంపించి, పెట్టెల సంస్థ సైటు తెరిచింది. పది పద్దెనిమిది నుంచి పది యాభై మూడు దాకా పదకొండు ఎర్ర వరసలు. కబురు చేరలేదు. కబురు చేరలేదు. మొదటి నాలుగూ ఒక్క నిమిషంలో నొక్కినవి. ఆ తర్వాత ఎడం పెరుగుతూ పోయింది. చివరి రెండింటి మధ్య పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలూ లోపలి మనిషి ఏమనుకుని ఊరుకుందో ఆమె ఊహించగలదు. ఆ సమయంలో తను ఇక్కడే, ఈ కుర్చీలోనే, సైరన్ మోగని కంప్యూటర్ ముందు నోట్‌బుక్కు తిరగేస్తూ కూర్చుని ఉంది.

సైరన్ రాకపోయినా, ఇటు నుంచి స్పీకరు కలుస్తుందేమోనని కలిపి చూసింది. కలిసింది. "హలో... ఉన్నానండీ. మెకానిక్ బయల్దేరాడు."

అవతల ఒక ఆడపిల్ల గొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది. "ఇప్పుడా ఉన్నారు?"

మెకానిక్ వచ్చేదాకా లైన్లోనే ఉంది. ఆ అమ్మాయి డాక్టరు దగ్గర సాయానికి పనిచేస్తుందట. ఆ రెండు మాటలూ చెప్పాక, మిగతా సమయమంతా ఊపిరి తీసుకోవడమే వినిపించింది. తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించాక ఆమె లైను పెట్టేసింది.

మేనేజరు పక్కనే నిలబడి ఉన్నాడు. "ఆ టిక్ తీసి ఉంచి ఉంటే ఇది జరిగేదా?"

"జరిగేది కాదు సార్. తప్పు నాదే. బాబాయికి చెప్పి ఉండాల్సింది."

పానా బాబాయి అప్పుడే లోపలికొచ్చాడు. సంగతి విని మొహం మాడిపోయింది. "నాదీ ఉందమ్మాయ్. గురువారం అన్న పని మంగళవారం ఎవడు చేయమన్నాడు నన్ను?"

"ముందు ఆ ఫోన్ మళ్ళీ బిగించి రా బాబాయ్" అంది. "ఇంకెక్కడైనా తీశావా?"

"లేదు, ఒట్టు."

అయినా ఆమె నూట పన్నెండు లిఫ్టుల జాబితా ముందేసుకుని, ఒక్కో బిల్డింగు వాచ్‌మన్‌కీ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. ముప్పై నాలుగో ఫోన్‌లో ఉండగా అత్తగారి నుంచి ఫోన్. ముందు తీయలేదు. మూడోసారి తీసింది.

"అత్తయ్యా, తర్వాత మాట్లాడతాను."

"నీ తర్వాత సంగతి అలా ఉంచు. నేను నొక్కిన నొక్కులు మీ సైటులో ఎలా పడుతున్నాయో చూద్దామని నా ఫోన్లో తెరిచాను. మొత్తం ఎర్రగా వచ్చింది. ఇది సురక్షితం కాదు, వెనక్కి పొమ్మంటోంది. ఏం సైటమ్మా ఇది, ఇంటివాళ్ళనే పొమ్మంటుంది!"

"అడ్రసు తప్పు కొట్టారేమో."

"నాలుగుసార్లు కొట్టాను. కళ్ళజోడు పెట్టుకుని మరీ."

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. తన కంప్యూటర్లో తాళం. అత్తగారి ఫోన్లో ఎరుపు. సైటు ఒక్కటే. పళ్ళ డాక్టరు బిల్డింగులో ఫోన్ బిగించి అప్పుడే తిరిగొచ్చిన పానా బాబాయి సెల్‌ఫోన్ అడిగి తీసుకుని అందులో తెరిచింది. అందులోనూ ఎరుపే. అంటే తన కంప్యూటరే తప్పుతోవ పట్టించింది.

మళ్ళీ సహాయం నంబరుకి ఫోన్ చేసింది. అదే గొంతు. ఈసారి ఆమె ఆగమంది.

"మీ కాగితం పక్కన పెట్టండి బాబూ. ఇక్కడ ఒక పిల్ల దాదాపు గంట లిఫ్టులో ఇరుక్కుంది. కొన్నిచోట్ల తాళం వస్తోంది, కొన్నిచోట్ల ఎర్రగా వస్తోంది. ఎందుకో మీకు తెలిసింది తెలిసినట్టు చెప్పండి."

అవతలివాడి గొంతు మారింది. "మేడమ్, మీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన సంస్థ పేరు మా సర్వర్‌కి తెలియదు. ఆ సంస్థకి సంతకం పెట్టిన పెద్ద సంస్థ పేరైతే తెలుసు. మధ్యనున్న ఆ సర్టిఫికెట్ కూడా మీ సర్వరే జత చేసి చూపించాలి. మీది ఒక్కటే చూపిస్తోంది. కొన్ని బ్రౌజర్లు ఆ మధ్యది వాటంతటవే తెచ్చుకుంటాయి. మా సర్వర్ తెచ్చుకోదు. కొన్ని ఫోన్లూ తెచ్చుకోవు."

"ఇది నిన్నే చెప్పొచ్చుగా?"

"టిక్ తీయిస్తే కాల్ త్వరగా అయిపోతుంది మేడమ్" అన్నాడు, దాచకుండా.

ఇంజనీరు పాత మెయిళ్ళు వెతికింది. సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళ మెయిల్‌లో రెండు ఫైళ్ళున్నాయి. సర్వర్లో ఒక్కటే ఉంది. నోట్‌బుక్కు చూస్తూ రెండో ఫైలులోని అక్షరాల గుట్టని కాపీ చేసి, మొదటి ఫైలులో అతికించింది. ఇంటికి ఫోన్ చేసి నొక్కమంది. మళ్ళీ ఎర్ర అక్షరాలే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోట్‌బుక్కు మళ్ళీ మొదట్నుంచి చదివితే ఒక మూలన ఉంది: ఫైలు మార్చాక సర్వర్‌ని ఆపి, మళ్ళీ మొదలుపెట్టాలి, లేకపోతే పాతదే చూపిస్తుంది.

ఆపింది. మొదలుపెట్టబోతే మొదలవలేదు.

ఇప్పుడు అసలు సైటే లేదు. ఫిర్యాదుల రిజిస్టరూ లేదు. సామాన్ల గదిలోంచి "అక్కా, నా కంప్యూటర్లో ఏమీ రావట్లేదు!" అని కేక. మేనేజరు గది తలుపు తెరుచుకుంది. ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే చేతులు పనిచేయవని తెలుసు.

"అక్కా..." సామాన్ల గదిలోంచి మళ్ళీ కేక.

"ఉన్నానండీ, పని మీదే ఉన్నాను" అంది. నోటికి అలవాటైన మాట, దానంతటదే వచ్చింది. ఆ మాట తన చెవిన పడ్డాక ఆమె ఊపిరి కాస్త నిలకడకొచ్చింది.

సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళ మెయిల్‌ని ఈసారి ఒక్కో మాటా వేలు పెట్టి చదివింది. ముందు మీ సర్టిఫికెట్, దాని కింద మధ్యది అని ఉంది. తను ఇందాక తిరగేసి అతికించింది. మధ్యది పైన, తమది కింద. వరస మార్చింది. మొదటి అక్షరం నుంచి చివరి గీత దాకా రెండుసార్లు సరిచూసింది. సర్వర్ మొదలుపెట్టింది. అది లేచింది. సైటు ఆగింది ఆరు నిమిషాలేనని తర్వాత సర్వర్ రాసుకునే చిట్టాలో చూస్తే తెలిసింది. ఆమెనడిగితే అరపూట అని చెప్పేది.

ముందు పానా బాబాయి ఫోన్లో తెరిచింది. ఎరుపు పోయింది. తాళం వచ్చింది. పెట్టెల సంస్థ సెట్టింగుల్లోకి వెళ్ళి తనిఖీ టిక్ ఉందో లేదో చూసింది. ఉంది. అప్పుడు ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఒక్కసారి."

"ఇదే ఆఖరు. పక్కింటివాళ్ళు లిఫ్టు కోసం నిలబడి నన్ను చూసి గొణుగుతున్నారు."

సైరన్ మోగింది.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె తల బల్ల మీద ఆనించి కాసేపలా ఉండిపోయింది. ఫోన్లోంచి అత్తగారి గొంతు మాత్రం "మోగిందా? మోగిందా అమ్మాయ్? ఈవిడ ఏమీ చెప్పదే!" అంటూనే ఉంది.

మేనేజరు వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆమె తలెత్తి అడగాల్సింది అడిగేసింది. "నెల రోజులు ఫోన్లూ ఉంచుదాం సార్, ఇదీ ఉంచుదాం. రోజూ పొద్దున ఒక్కో బిల్డింగులో నొక్కి చూస్తాం. ఈ సర్టిఫికెట్‌కి తొంభై రోజులే గడువు. అది మర్చిపోయినా మళ్ళీ ఇదే కథ."

"నెల వద్దు, మూడు వారాలు" అన్నాడాయన. వెంటనే, "సరే, నెల" అన్నాడు.

గురువారం పొద్దున ఆమె పళ్ళ డాక్టరు బిల్డింగుకి స్వయంగా వెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో ఫోన్లో మాట్లాడిన మనిషిని చూడ్డానికి వెళ్ళడం అదే మొదలు. మూడో అంతస్తులో, మందుల వాసన వేసే గదిలో, ఆ అమ్మాయి పనిముట్లు తుడిచి వరసగా పేరుస్తోంది. పాతికేళ్ళుంటాయి. గొంతు విని గుర్తుపట్టింది.

"మీరా?"

"నేనేనమ్మా. నిన్న మీరు నొక్కింది మాకు చేరలేదు. ఒక సెట్టింగు మార్చింది నేనే, మార్చిన సంగతి మావాళ్ళకి చెప్పనిదీ నేనే. ఆ మాట చెబుదామని వచ్చాను."

ఆ అమ్మాయి చేతిలోని గుడ్డ మడత పెట్టింది, మళ్ళీ విప్పింది. "పదకొండుసార్లు నొక్కానండీ. ఆరోసారికి అనిపించింది, ఈ బటన్ వెనక అసలు ఎవరూ లేరేమోనని. ఉత్తుత్తి బటనేమోనని."

హలో అక్క, "ఇప్పుడు ఎవరున్నారో చూస్తారా?" అని అడిగింది.

ఇద్దరూ లిఫ్టు దగ్గరికి నడిచారు. ఆ అమ్మాయి గుమ్మం బయటే ఆగిపోయింది. హలో అక్క ఒక్కతే లోపలికెళ్ళి, పసుపు బటన్ నొక్కి పట్టుకుంది. నాలుగు సెకన్లయ్యాక స్పీకర్లోంచి పానా బాబాయి గొంతు, ఆమె కుర్చీలో కొత్తగా కూర్చున్నవాడి బిగుసుకుపోయిన గొంతు వినిపించింది. "ఆ... ఉన్నానండీ. చెప్పండి. ఎవరండీ?"

ఆ అమ్మాయికి నవ్వొచ్చింది. కానీ లిఫ్టులోకి అడుగు పెట్టలేదు. "కొన్నాళ్ళు మెట్లే ఎక్కుతాలెండి."

"ఎక్కండి. తొందరేం లేదు" అంది ఆమె. తను కూడా లిఫ్టులోంచి బయటికొచ్చి, ఆ అమ్మాయి పక్కనే మెట్ల వైపు నడిచింది.